జైలు నుంచి ఇంటికి, ఇంటి నుంచి పనికి: నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో తరచుగా అడిగే ప్రశ్నలు

చెముడుగుంట సెంట్రల్ జైలు నుంచో, ఒంగోలు జిల్లా జైలు నుంచో, దగ్గర్లోని సబ్‌జైలు నుంచో బయటికి వచ్చినవాళ్ళు, వాళ్ళ ఇంట్లోవాళ్ళు, వాళ్ళకు పని ఇద్దామా వద్దా అని తటపటాయిస్తున్నవాళ్ళు మమ్మల్ని అడిగే ప్రశ్నలు ఇవి. మన దగ్గర పొలం కూలీ నుంచి రైస్ మిల్లు దాకా ఎక్కువ పనులు తెలిసినవాళ్ళ నోటి మాట మీదే దొరుకుతాయి. జైలుకు పోయిన మనిషి అన్నిటికంటే ముందు పోగొట్టుకునేది ఆ నోటి మాటనే. అందుకే కింద ఏ ప్రశ్న తీసుకున్నా జవాబు తిరిగి తిరిగి అక్కడికే వస్తుంది: ఎవరో ఒకరు ముందుకొచ్చి "ఈ మనిషి నాకు తెలుసు, పెట్టుకోండి" అనాలి.

మావాడు వచ్చే వారం విడుదలవుతున్నాడు. ఇంట్లో మేం ముందుగా ఏం చేయాలి?

గేటు దగ్గరికి ఒకరు వెళ్ళండి. ఎంత కోపం ఉన్నా వెళ్ళండి. బెయిలు కాగితం సాయంత్రానికి జైలుకు చేరితే, మనిషి బయటికి వచ్చేసరికి చీకటి పడుతుంది. చేతిలో ఫోన్ ఉండదు, ఎవరి నంబరూ గుర్తుండదు. హైవే పక్కన ఒంటరిగా నిలబడ్డవాడికి ముందు కనిపించేది ఎవరన్నదాన్ని బట్టి ఆ రాత్రి ఎక్కడ గడుస్తుందో తేలిపోతుంది. అక్కడ కనిపించేది ఇంటి మనిషే కావాలి.

గేటు దాటే ముందు నాలుగు విషయాలు చూసుకోమని చెప్పండి. విడుదల కాగితం చేతికి రావాలి. లోపలికి వెళ్ళేటప్పుడు అప్పజెప్పిన వస్తువులు, డబ్బు తిరిగి రావాలి. శిక్షపడ్డ ఖైదీ అయితే లోపల చేసిన పనికి జమైన కూలి లెక్క చూసుకోవాలి. ఖైదీ చేసిన పనికి న్యాయమైన కూలి ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు 1998లోనే చెప్పింది, కాబట్టి ఆ లెక్క అడగడానికి మొహమాటం అక్కర్లేదు. నాలుగోది మందుల చీటీ. టీబీకో, హెచ్‌ఐవీకో, బీపీకో, మానసిక సమస్యకో లోపల మందులు వాడుతూ ఉంటే ఆ వివరాలు రాసి ఇవ్వమనాలి. ఊరికి చేరిన రెండు మూడు రోజుల్లోనే ఆ చీటీతో పీహెచ్‌సీకి వెళ్ళాలి. టీబీ మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం, కానీ మధ్యలో ఆపితే రోగం మొండికేస్తుంది.

వచ్చిన మర్నాడే పనికి పంపాలా?

వద్దు. అలాగని నెలల తరబడి ఇంట్లో కూర్చోబెట్టడమూ వద్దు. వారం పదిరోజులు నిద్ర, తిండి, పిల్లలు, కాగితాలు. ఆ తర్వాత కూలి తక్కువైనా ఏదో ఒక పని. ఖాళీగా ఉన్న మనిషిని వెతుక్కుంటూ పాత సావాసాలు వస్తాయి. ఇంట్లోవాళ్ళ నోటి నుంచి కూడా "తిని కూర్చుంటున్నాడు" అన్న మాట ఊడిపడేది ఆ ఖాళీ రోజుల్లోనే.

ముందు ఏ కాగితాలు సరిచేసుకోవాలి?

అన్నిటికంటే ముందు ఫోన్ నంబరు. మూడు నెలలు వాడని సిమ్‌ను కంపెనీ ఆపేస్తుంది, తర్వాత ఆ నంబరు ఇంకొకరికి పోతుంది. పాత నంబరు ఆధార్‌కు, బ్యాంకుకు అతికి ఉంటే మీ ఓటీపీలన్నీ ఎవరో తెలియని మనిషికి వెళ్తుంటాయి. కొత్త సిమ్ తీసుకుని ఆధార్ కేంద్రంలో నంబరు మార్పించండి. తర్వాత బ్యాంకుకు వెళ్ళండి. ఆధార్ కార్డు పోయినా, నంబరు గుర్తులేకపోయినా కంగారు అక్కర్లేదు, వేలిముద్రలతో తిరిగి తెలుసుకోవచ్చు.

రెండేళ్ళు లావాదేవీ లేని ఖాతాను బ్యాంకు పక్కన పెడుతుంది. కేవైసీ కాగితాలు ఇస్తే మళ్ళీ తెరుస్తుంది, దానికి చార్జీ లేదు. పదేళ్ళు దాటితే డబ్బు రిజర్వ్ బ్యాంకు నిధికి వెళ్తుంది, అప్పుడైనా అడిగి తీసుకోవచ్చు. ఖాతానే లేకపోతే జన్‌ధన్ ఖాతా తెరవండి, అందులో కనీస నిల్వ ఉంచాల్సిన పని లేదు.

రైస్ కార్డులో పేరు ఉందో లేదో సచివాలయంలో చూపించుకోండి. మనిషి లేనప్పుడు ఈకేవైసీ పడక పేరు ఆగిపోయి ఉండొచ్చు. ఉపాధి హామీ జాబ్ కార్డు, ఈ-శ్రమ్ నమోదు కూడా ఆ వారంలోనే చేయించుకుంటే మంచిది. ఈ-శ్రమ్ అసంఘటిత కార్మికుల జాబితా, 16 నుంచి 59 ఏళ్ళ వాళ్ళు ఉచితంగా చేరవచ్చు. వీటిలో ఏ ఫారంలోనూ జైలు గురించి అడగరు.

డ్రైవర్లకు ఒక మాట. లైసెన్సు గడువు తీరి ఏడాది దాటకపోతే మామూలుగా రెన్యువల్ అవుతుంది. ఏడాది దాటితే మళ్ళీ డ్రైవింగ్ టెస్టు ఇవ్వాలి. లారీ నడిపి బతికినవాళ్ళు మన జిల్లాల్లో చాలామంది ఉన్నారు, వాళ్ళు ముందు ఈ తేదీ చూసుకోండి.

పని ఎక్కడ దొరుకుతుంది?

చేతిలో ఏ విద్య ఉందో చూసుకుని బయల్దేరాలి. మన రాష్ట్రంలో సెంట్రల్ జైళ్ళలో టైలరింగ్, నేత, వడ్రంగి, బేకరీ లాంటివి నేర్పిస్తారు. ఇగ్నో లాంటి దూరవిద్యా సంస్థల కోర్సులు కూడా లోపల ఉండి చదివినవాళ్ళున్నారు. లోపల ఏది నేర్చుకున్నా దాన్ని దాచుకోకండి. బాగా కుట్టిన చొక్కా చూసిన షాపు యజమాని ఎక్కడ నేర్చుకున్నావని రెండోసారి అడగడు.

ఇక ప్రాంతం వారీగా. నెల్లూరు తీరం పొడుగునా రొయ్యల గుంటలున్నాయి. మేత వేయడం, ఏరేటర్లు చూసుకోవడం, రాత్రి కాపలా లాంటి పనులకు నెల జీతం, గుంట దగ్గరే గది ఇస్తారు. పాత సావాసాలకు దూరంగా ఉండాలనుకునేవాళ్ళకు ఇది బాగా పనికొస్తుంది. అయితే లోపలి నుంచి నేరుగా వచ్చి, ఊరికి దూరంగా గట్టు మీద రాత్రంతా ఒంటరిగా గడపడం కొందరికి మంచిది కాదు. దిగులుగా ఉన్నవాడినీ, తాగుడు అలవాటున్నవాడినీ మొదటి నెలలోనే గుంట కాపలాకు పంపొద్దని మా సలహా. నలుగురితో కలిసి చేసే పని చూడండి: మిల్లులో బస్తాల పని, భవనాల పని, పొదలకూరు, గూడూరు నిమ్మకాయల మార్కెట్లలో గ్రేడింగ్, లోడింగ్, నెల్లూరు ఆటోనగర్‌లో మెకానిక్ దగ్గర సాయం.

ప్రకాశం వైపు చీమకుర్తి గ్రానైట్, మార్కాపురం పలకల పని, ఒంగోలు చుట్టుపక్కల పొగాకు. పొగాకు పని సీజన్‌లోనే ఉంటుంది, కానీ ఆ కొన్ని నెలలు ఊళ్ళోనే ఎక్కువమందికి చేతినిండా పని దొరుకుతుంది. రాయి పని దగ్గర మాత్రం జాగ్రత్త. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్ని తినేస్తుంది, టీబీ వచ్చే ప్రమాదాన్ని పెంచుతుంది. లోపల టీబీ మందులు వాడినవాళ్ళు, దగ్గు తగ్గనివాళ్ళు క్వారీకి గానీ, పాలిషింగ్‌కు గానీ, పలకల కోతకు గానీ వెళ్ళొద్దు. కూలి ఎక్కువని ఎవరు ఆశపెట్టినా వెళ్ళొద్దు.

చాలామంది ముందుగా వెళ్ళేది సెక్యూరిటీ గార్డు పనికి. చదువు పెద్దగా అడగరు, యూనిఫాం ఇస్తారు కాబట్టి తేలికనిపిస్తుంది. కానీ 2005 నాటి ప్రైవేట్ సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం ప్రకారం కోర్టులో శిక్షపడ్డవాళ్ళను ఏజెన్సీలు గార్డులుగా పెట్టుకోకూడదు. కమీషన్ కట్టించుకుని చేర్పిస్తామనే బ్రోకరుకు డబ్బు ఇవ్వకండి. కేసు కొట్టేసినవాళ్ళకు ఈ నిషేధం వర్తించదు. యాప్‌ల డెలివరీ, క్యాబ్ పనుల్లో కూడా పోలీసు రికార్డు చూస్తారు.

మేస్త్రీ దగ్గరికి వెళ్ళేటప్పుడు ఒంటరిగా వెళ్ళకండి. ఆ మేస్త్రీకి తెలిసిన మనిషిని వెంట తీసుకెళ్ళండి. బావమరిదైనా సరే, చర్చి పాస్టరైనా సరే, పాత యజమానైనా సరే. ఆ మనిషి చెప్పే రెండు ముక్కలకు ఏ సర్టిఫికెట్టూ సాటిరాదు.

పనిలో చేరేటప్పుడు కేసు సంగతి చెప్పాలా?

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. రాత్రిళ్ళు నిద్ర పట్టనీయని ప్రశ్న కూడా ఇదే.

రాతపూర్వకంగా అడిగినచోట అబద్ధం రాయకండి. ఫారంలో "మీ మీద క్రిమినల్ కేసు ఉందా, శిక్ష పడిందా" అని ఉంటే ఉన్నదే రాయండి. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం వివరంగా చెప్పింది. అభ్యర్థి ఇచ్చే సమాచారం నిజమై ఉండాలి. చిన్న కేసును దాచినా, ఆ చిన్నతనాన్ని చూసి యజమాని వదిలేయవచ్చు. పెద్ద కేసును దాస్తే ఉద్యోగం తీసేయవచ్చు. నిజం చెప్పినా సరే, పూర్వాపరాలు చూసుకుని నిర్ణయించుకునే హక్కు యజమానికి ఉంటుంది. అంటే నిజం చెప్తే ఉద్యోగం వస్తుందన్న హామీ లేదు. కానీ దాచి చేరితే, రెండేళ్ళ తర్వాత పోలీసు వెరిఫికేషన్‌లో బయటపడి అప్పటిదాకా కట్టుకున్నదంతా ఒక్కరోజులో కూలిపోతుంది. అలా కూలినవాళ్ళు రెండోసారి లేవడం చాలా కష్టం. అందుకే మేం ఈ మాట ఇంత గట్టిగా చెప్తున్నాం.

ఫారంలు లేని పనుల సంగతి వేరు. కూలి పనికి, గుంట పనికి, హోటల్ పనికి వెళ్ళినప్పుడు ఎవరూ అడగకపోతే మొదటి మాటగా అదే చెప్పాల్సిన బాధ్యత చట్టంలో లేదు. అయితే మన ఊళ్ళు చిన్నవి. కొండపిలో జరిగింది ఒంగోలులో తెలుస్తుంది. మూడో మనిషి నోటి నుంచి వినడం కంటే మీ నోటి నుంచి వినడమే యజమానికి నయం. పనిలో కుదురుకున్నాక, వారం పదిరోజుల్లో, పక్కన ఎవరూ లేనప్పుడు చెప్పేయండి. పొట్టిగా చెప్పండి:

"అన్నా, నామీద ఒక కేసు ఉండింది. శిక్ష అయిపోయింది. నీకు ఇంకొకరు చెప్పేలోపల నేనే చెప్దామనుకున్నా. నెల రోజులు నా పని చూడు, నచ్చకపోతే మానిపించు."

ఇంతే చాలు. కేసు కథంతా చెప్పబోవద్దు, ఎదుటివాళ్ళను తిట్టొద్దు, ఏడవొద్దు. యజమాని అడిగితే అడిగినదానికి మాత్రం జవాబు చెప్పండి.

కేసు కొట్టేశారు. అయినా అందరూ జైలుకు పోయొచ్చాడనే అంటున్నారు. ఏం చేయాలి?

మన దేశంలో ఖైదీల్లో దాదాపు నాలుగింట మూడొంతుల మంది తీర్పు ఇంకా రాని విచారణ ఖైదీలే. వాళ్ళలో చాలామంది చివరికి నిర్దోషులుగా బయటపడతారు, ఈలోపు పనీ పరువూ రెండూ పోతాయి. ఊరి నోరు కోర్టు తీర్పు చదవదు, కాబట్టి ఆ తీర్పును మీరే చేతిలో పెట్టుకుని తిరగాలి. కోర్టులో దరఖాస్తు పెట్టి తీర్పు సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. మూడు నాలుగు జిరాక్సులు తీయించి, అసలు ఇంట్లో భద్రంగా పెట్టండి. వెరిఫికేషన్‌కు వచ్చిన కానిస్టేబుల్‌కు ఒకటి ఇవ్వండి. స్టేషన్ రికార్డులో ఇంకా పెండింగ్ అని చూపిస్తుంటే, తీర్పు జతచేసి ఎస్పీ ఆఫీసులో అర్జీ పెట్టి రసీదు తీసుకోండి. రౌడీషీటు తెరిచి ఉంటే దాన్ని మూసేయమనే అర్జీ కూడా అక్కడే ఇవ్వాలి. పని జరగకపోతే హైకోర్టు దాకా వెళ్ళే దారి ఉంది. దానికి ఉచిత న్యాయ సహాయం అడగండి.

బెయిలు మీద ఉన్నాను. వాయిదాలకు పోతే కూలి పోతుంది, పోకపోతే వారంటు. ఎట్టా?

వాయిదా ఎగ్గొట్టడం ఒక్కటే చేయకూడనిది. నాన్‌బెయిలబుల్ వారంటు వస్తే పని జరిగే చోటే పట్టుకెళ్తారు, ఆ మేస్త్రీ మళ్ళీ మిమ్మల్ని పిలవడు. వాయిదా తేదీలు ముందే తెలుస్తాయి కాబట్టి యజమానికి నెల మొదట్లోనే చెప్పి పెట్టుకోండి. నిజంగా రాలేని రోజున లాయరు ద్వారా ఆ ఒక్క వాయిదాకు హాజరు మినహాయింపు పిటిషన్ వేయించవచ్చు, పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో అది 355వ సెక్షన్. పని కోసం వేరే జిల్లాకు వెళ్ళాలంటే బెయిలు షరతులు ఒకసారి చదివించుకోండి. స్టేషన్‌లో సంతకం పెట్టాలన్న షరతు ఉంటే దాన్ని సడలించమని కోర్టును అడగవచ్చు. పని దొరికిందని కాగితం చూపిస్తే కోర్టులు సానుకూలంగా చూసే అవకాశం ఉంది. ఆ కాగితం రాసివ్వడానికి యజమానులు వెనకాడకూడదు.

మావాడు బెయిలు వచ్చినా జామీను లేక లోపలే ఉన్నాడు.

జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, నెల్లూరులోనూ ఒంగోలులోనూ. కస్టడీలో ఉన్న ఎవరికైనా ఉచిత లాయరు దొరుకుతాడు. ఫోన్ 15100. పేద ఖైదీల కోసం కేంద్రం 2023లో తెచ్చిన పథకం కింద జామీను డబ్బు, జరిమానా డబ్బు ప్రభుత్వమే కట్టే వీలుంది. మొదలుపెట్టినప్పుడు జామీనుకు 40 వేల దాకా, జరిమానాకు 25 వేల దాకా అన్నారు. గంజాయి లాంటి మాదకద్రవ్యాల కేసులకు, అవినీతి కేసులకు ఇది వర్తించదు. ఇంకొకటి: యావజ్జీవం, మరణశిక్ష పడే నేరాలు తప్ప మిగతావాటిలో గరిష్ఠ శిక్షలో సగం కాలం లోపల గడిపిన విచారణ ఖైదీని బెయిలు మీద వదలాలని బీఎన్‌ఎస్‌ఎస్ 479వ సెక్షన్ చెప్తోంది. మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాళ్ళకు మూడో వంతు చాలు. మీద ఇంకో కేసు పెండింగ్‌లో ఉంటే ఈ సెక్షన్ కుదరకపోవచ్చు, లాయరును అడగండి.

ప్రభుత్వ ఉద్యోగం వస్తుందా?

శిక్షపడితే చాలా కష్టం. రెండు మినహాయింపులు గుర్తుపెట్టుకోండి. ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం, 1958 కింద కోర్టు జైలుకు పంపకుండా మందలించో, మంచి నడవడి బాండు మీదో వదిలితే, ఆ శిక్ష కారణంగా మామూలుగా వచ్చే అనర్హత ఉండదని ఆ చట్టం 12వ సెక్షన్ చెప్తోంది. 18 ఏళ్ళలోపు పిల్లల విషయంలో జువెనైల్ చట్టం 24వ సెక్షన్ ఇంకా గట్టిది. అనర్హత ఉండదు, కొంతకాలానికి రికార్డు కూడా తీసేయాలి. పదహారు దాటి ఘోరమైన నేరంలో పెద్దవాళ్ళతో సమానంగా విచారించిన కేసులు మాత్రం దీని కిందికి రావు.

కువైట్ పోదామనుకుంటున్నా. పాస్‌పోర్టు ఇస్తారా?

కేసు ఇంకా నడుస్తుంటే ఆ కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. దాంతో పాస్‌పోర్టు వస్తుంది, కాకపోతే కోర్టు చెప్పినంత కాలానికే. నైతిక పతనం కిందికి వచ్చే నేరంలో (దొంగతనం, మోసం లాంటివి) రెండేళ్ళు గానీ అంతకు మించి గానీ శిక్షపడితే, తీర్పు వచ్చిన ఐదేళ్ళ లోపల పాస్‌పోర్టు ఆఫీసు నిరాకరించవచ్చు. పైగా గల్ఫ్ వీసాకు పోలీసు క్లియరెన్స్ అడుగుతారు. "అవన్నీ నేను చూసుకుంటా" అని లక్షలు అడిగే ఏజెంటుకు ఇల్లు తాకట్టు పెట్టి డబ్బు ఇవ్వకండి. ఇప్పటికే కేసు ఖర్చుకు అప్పులైన కుటుంబం ఇంకో అప్పు మోయలేదు.

సొంతంగా ఏదైనా పెట్టుకోవడానికి లోన్ వస్తుందా?

చేతివృత్తి ఉంటే పీఎం విశ్వకర్మ చూడండి. వడ్రంగి, తాపీ పని, టైలరింగ్, మంగలి పని, బట్టలు ఉతకడం, బుట్టలు, చాపలు అల్లడం, చేపల వలలు అల్లడం, ఇలా 18 వృత్తులున్నాయి. శిక్షణ రోజులకు 500 రూపాయల చొప్పున ఇస్తారు, పనిముట్లకు 15 వేలు, తర్వాత తాకట్టు లేకుండా మొదటి విడత లక్ష రూపాయల దాకా 5 శాతం వడ్డీకి అప్పు. ఇంటికి ఒకరికే. టౌన్లో బండి పెట్టుకునేవాళ్ళకు పీఎం స్వనిధి ఉంది.

ఇంట్లో ఆడవాళ్ళ డ్వాక్రా లోన్ తీసి మగవాడి వ్యాపారంలో పెట్టడం మాత్రం మొదటి ఏడాది వద్దంటాం. అతను లేనన్నాళ్ళూ ఆ ఇంటిని నిలబెట్టింది ఆ గ్రూపు. ఒక్క వాయిదా తప్పితే ఆమెకు మిగిలిన ఆ ఒక్క ఆసరా కూడా కదిలిపోతుంది. ముందు ఆరు నెలలు ఎవరి దగ్గరైనా పని చేయనివ్వండి, తర్వాత బండి సంగతి ఆలోచించవచ్చు.

జైలు నుంచి వచ్చిన ఆడవాళ్ళ పరిస్థితి?

మగవాడు వస్తే వాకిట్లో దిష్టి తీసి లోపలికి పిలుస్తారు. ఆడమనిషి వస్తే అత్తగారిల్లు తలుపు వేసేస్తుంది, పుట్టిల్లు చెల్లెలి పెళ్ళి పేరు చెప్తుంది. ఇది అన్యాయం, దీనికి ఇంతకంటే మెత్తని మాట మాకు దొరకలేదు. ఆడవాళ్ళకు గేటు దగ్గరికి వచ్చే మనిషి ఇంకా ముఖ్యం, ఎందుకంటే చాలాసార్లు ఎవరూ రారు. ఇల్లు లేకపోతే శక్తి సదన్‌లలో ఉండే వీలుంది, పాత స్వధార్ గృహాలను ఇప్పుడు వాటిలో కలిపారు. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే దగ్గర్లో ఎక్కడుందో చెప్తారు. ఆదాయంతో సంబంధం లేకుండా ఆడవాళ్ళందరికీ ఉచిత న్యాయ సహాయం ఉంది. పిల్లలు బంధువుల దగ్గర ఉండిపోయి, వాళ్ళు తిరిగి పంపనంటే ఈ సహాయం బాగా పనికొస్తుంది. పని విషయంలో టైలరింగ్, హాస్టల్ వంట, రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లు చూడండి. ప్లాంట్లలో ఆడవాళ్ళు ఎక్కువమంది ఉంటారు, బస్సు పంపేవీ ఉన్నాయి.

మేం యానాదులం. ఎక్కడ దొంగతనం జరిగినా మావాడినే తీసుకుపోతున్నారు.

ఇది ఒక్క మనిషి కేసుకు సంబంధించిన సంగతి కాదు. బ్రిటిష్‌వాళ్ళు 1871లో కొన్ని జాతులను పుట్టుకతోనే నేరస్థులని రాసి చట్టం చేశారు. ఎరుకలవాళ్ళను బిట్రగుంట దగ్గర కప్పరాళ్ళతిప్పలో, బాపట్ల దగ్గర స్టువర్టుపురంలో సెటిల్‌మెంట్లలో పెట్టి హాజరు వేయించారు. ఆ చట్టం దేశమంతటా రద్దయింది 1952 ఆగస్టు 31న. అనుమానం మాత్రం ఇంకా రద్దు కాలేదు. చెరువు గట్టున గుడిసె వేసుకుని ఎలుకలు పట్టి, గుంటల దగ్గర కాపలా ఉండి బతికే యానాది కుటుంబానికి ఆధార్ కూడా లేని సందర్భాలున్నాయి. ఒకసారి కేసు పడితే బెయిలుకు జామీను ఇచ్చే మనిషే దొరకడు.

2024 అక్టోబరు 3న సుకన్య శాంత కేసులో సుప్రీంకోర్టు జైళ్ళలో కులాన్ని బట్టి పని పంచడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు ఇచ్చింది. విముక్త జాతుల వాళ్ళను, అంటే ఆ పాత నేరస్థ జాతుల ముద్ర నుంచి బయటపడ్డవాళ్ళను, పుట్టుకను బట్టి అలవాటు నేరస్థులుగా చూడకూడదని కూడా చెప్పింది. కాబట్టి మీవాడిని మాటిమాటికీ స్టేషన్‌కు పిలుస్తుంటే, ఏ కేసులో పిలుస్తున్నారో చూపే రాతపూర్వక నోటీసు అడగండి. ఒక్కరే పోకండి, ఊళ్ళో చదువుకున్న మనిషిని గానీ, లాయరును గానీ వెంటపెట్టుకుని పోండి. ఎస్టీలకు ఉచిత న్యాయ సహాయం హక్కు. 15100కి ఫోన్ చేసి న్యాయ సహాయంలో తోడుండే పారాలీగల్ వాలంటీరును పంపమని అడగండి.

నేను రైస్ మిల్లు నడుపుతున్నాను. ఇలాంటి మనిషిని పెట్టుకుంటే నామీదికి ఏమైనా వస్తుందా?

శిక్ష పూర్తిచేసుకున్న మనిషికి మిల్లులో పని ఇవ్వడం ఏ చట్టం ప్రకారమూ తప్పు కాదు. మీరు జామీను సంతకం పెడితే తప్ప అతని కేసుకు మీరు బాధ్యులు కారు. ఏ కేసు, ఎప్పటిది, ఎలా ముగిసింది అని అడగండి. అడగడంలో తప్పులేదు. పనిని బట్టి ఆలోచించండి. తాగి గొడవపడిన కేసుకూ బస్తాలు మోయడానికీ సంబంధం లేదు. పిల్లల మీద నేరం చేసి శిక్షపడ్డవాడిని స్కూలు బస్సు మీద పెట్టకూడదు.

దొంగతనం కేసు మనిషి అయితే మొదట్లో గల్లాపెట్టె, గోడౌన్ తాళాలు అతనికి ఇవ్వకండి. ఇది అతని మేలు కోసం కూడా. ఎవరి వల్ల లెక్క తేడా వచ్చినా అందరి కళ్ళూ మొదట అతని మీదే పడతాయి. మొదటి నెలలో జీతం వారం వారం ఇవ్వండి, ఇంట్లో పైసా ఉండదు. మిగతా కూలీలకు అతని సంగతి మీరుగా చెప్పకండి. ఎవరైనా ఎత్తి చూపితే మాత్రం అందరి ముందూ ఒకేసారి ఆపేయండి.

కేసు ఉంది కదా, ఎక్కడికీ పోలేడని సగం కూలి ఇచ్చేవాళ్ళున్నారు. దయచేసి ఆ పని చేయకండి. పక్క మనిషి ఎంత తీసుకుంటున్నాడో అతనికి మొదటి శనివారమే తెలిసిపోతుంది. కష్టపడితే గౌరవంగా బతకొచ్చన్న నమ్మకం ఆ రోజే చచ్చిపోతుంది.

తాగుడు మళ్ళీ మొదలైంది. రాత్రి నిద్రలో అరుస్తున్నాడు.

రెండూ వైద్యం చేయించాల్సినవే. లోపల చాలాకాలం ఉన్నవాళ్ళకు తలుపు చప్పుడైతే ఉలికిపడటం, జనంలో టెన్షన్, ఊరికే కోపం సహజంగా వస్తాయి. టెలీమానస్ 14416కు ఎప్పుడైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు ఖర్చు లేదు. మత్తు అలవాటు మాన్పించే సహాయానికి 14446. చచ్చిపోతానని ఒక్కసారన్నా సరే, తేలిగ్గా తీసుకోకండి. ఆ రాత్రి పక్కనే పడుకోండి, తెల్లారగానే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఎదుటి పార్టీవాళ్ళు అదే ఊళ్ళో ఉన్నారు. అక్కడే ఉండాలా?

హత్య కేసైతే, పగ ఇంకా చల్లారకపోతే కొన్నాళ్ళు వేరే టౌన్లో పని చూసుకోవడమే మంచిది. రాజీ పేరుతో మీరుగా వాళ్ళింటికి పోకండి. వాళ్ళ ఇంట్లోనూ ఒక మనిషి పోయాడు లేదా గాయపడ్డాడు, వాళ్ళ బాధకు మీ శిక్ష తీరడంతో గడువు తీరదు. తిరునాళ్ళలో, పెళ్ళిలో ఎదురుపడితే మీరే పక్కకు తప్పుకోండి.

ఓటు ఉంటుందా?

ఉంటుంది. జైల్లో ఉన్నంతకాలమే ఓటు వేయలేరు. బయటికి వచ్చాక జాబితాలో పేరు ఉందో లేదో చూసుకుని, లేకపోతే ఫారం 6 ఇవ్వండి. ఎన్నికల నేరాల్లో శిక్షపడ్డవాళ్ళకు మాత్రం కొంతకాలం ఓటు పోతుంది.

మా వీధిలో ఒకతను వచ్చాడు. నేను మాట సాయం చేయాలనుకుంటున్నా. ఎలా చేయాలి?

మీకు నిజంగా తెలిసినదే చెప్పండి. "బంగారంలాంటి మనిషి" అని పొగడకండి. "కేసు సంగతి నాకు తెలుసు, వచ్చి రెండు నెలలైంది, మా ఇంటి పని చేశాడు, టైముకు వచ్చాడు" అంటే మేస్త్రీ నమ్ముతాడు. చెప్పుకోవడానికి అలాంటి పని ఏదీ లేకపోతే ముందు మీరే ఇవ్వండి: సున్నం వేయించండి, కొబ్బరిచెట్టు ఎక్కించండి, బావి పూడిక తీయించండి, కూలి పూర్తిగా ఇవ్వండి. డబ్బు అప్పుగా ఇవ్వొద్దు. పత్రాల మీద సంతకాలు అడిగితే చదవకుండా పెట్టొద్దు. పనిలో చేరాక మొదటి నెలలో వారానికొకసారి ఆ మేస్త్రీకి ఫోన్ చేసి ఎలా చేస్తున్నాడని అడగండి. మీరు అడుగుతున్నారని అతనికి తెలియనివ్వండి, మేస్త్రీకీ తెలియనివ్వండి. ఒకరోజు పనికి రాకపోతే సాయంత్రం ఇంటికి వెళ్ళి ఎందుకు రాలేదో కనుక్కోండి.